విజయనగరంలో ఇంటిపేర్ల చార్టులు చేయించాం: షాపు పని గురించి వివరంగా

మా హైస్కూల్లో తెలుగు తరగతి గోడకి ఆరు పెద్ద చార్టులు కావాల్సి వచ్చి, విజయనగరంలో గంటస్తంభం దగ్గరి సందులో ఉన్న ఒక ప్రింటింగ్ షాపుకి పని ఇచ్చాను. ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం వస్తోందంటే ఇలాంటివి చేయించాలనుకునే మేస్టర్లు చాలామంది ఉంటారు, వాళ్ళకి పనికొస్తుందని ఖర్చు దగ్గర్నుంచి లామినేషను దాకా అన్నీ రాస్తున్నాను. షాపు పేరు మాత్రం రాయను. పనిలో జరిగిన పొరపాట్లు కూడా చెప్తున్నాను కాబట్టి పేరు పెట్టడం బాగుండదు.

ముందు చార్టులు ఏమిటో చెప్పాలి. ఒక్కో చార్టుకి ఒక ఇంటిపేరు. గురజాడ, గిడుగు, ద్వారం, సాలూరి, చాగంటి, పూసపాటి. పైన పెద్ద అక్షరాల్లో ఇంటిపేరు, కింద ఆ ఇంటిపేరుతో పేరు తెచ్చుకున్నవాళ్ళ ఫొటోలు, ఒక్కొక్కరి గురించి మూడు నాలుగు లైన్లు. ఈ ఆలోచన హాజరు పట్టీ చూస్తుంటే వచ్చింది. పిల్లల ఇంటిపేర్లన్నీ ఒక్క పొడి అక్షరం అయిపోయాయి, జి., ఎస్., సి. అని. ఆ అక్షరం వెనక ఏముందని అడిగితే ఎనిమిదో తరగతిలో సగం మందికి ఇంటిపేరు పూర్తిగా రాయడం రాలేదు. గురజాడ అంటే అప్పారావు గారి పేరులో మొదటి మాట అనుకుంటున్నారు గానీ అది ఇంటిపేరని, అదే ఇంటిపేరుతో ఇంకా పెద్దవాళ్ళు ఉన్నారని తెలీదు. నాకు అది చాలా కష్టంగా అనిపించింది.

ఖర్చు సంగతి. ఒక్కో చార్టు 24 అంగుళాలు బై 36 అంగుళాలు, సన్‌బోర్డు (తేలికైన ఫోమ్ అట్ట) మీద స్టిక్కరు ప్రింటు, పైన మెరుపు లేని మ్యాట్ లామినేషను, చార్టు 450 రూపాయలు. డిజైనింగుకి చార్టుకి 150 వేరే. ఆరింటికీ కలిపి 3,600 అయింది. ఫ్లెక్సు అయితే ఇంకా తక్కువలో అయిపోతుంది, షాపాయన కూడా ముందు అదే చెప్పారు, కానీ ఫ్లెక్సు గోడ మీద ముడతలు పడుతుంది, రెండేళ్ళకి రంగు పోతుంది, చిన్న అక్షరాలు దగ్గర్నుంచి చదవడానికి బాగుండవు. పిల్లలు ముక్కు ఆనించి చదివే చార్టుకి సన్‌బోర్డే సరి.

షాపులో కూర్చునేది అరవై దాటిన ఒక పెద్దాయన. వాళ్ళ నాన్నగారి కాలంలో సీసం అక్షరాలు పేర్చి శుభలేఖలు వేసేవారట. కంప్యూటరు మీద ఒక అమ్మాయి పని చేస్తుంది, చెయ్యి చాలా చురుకు. నేను మేటరంతా ఫోన్లో టైపు చేసి వాట్సాప్‌లో పంపాను, అదే మొదటి తలనొప్పి అయింది. ఫోన్లో కొట్టింది యూనికోడు, అంటే ఏ ఫోన్లోనైనా ఒకేలా కనిపించే అక్షరాలు, వాళ్ళ దగ్గర డిజైను చేసే సాఫ్ట్‌వేరు పాతది, డీటీపీ షాపులు వాడే పాత అను ఫాంట్లు తప్ప తీసుకోదు. మొదటి ప్రూఫు తెర మీద చూసేసరికి నాకు ఊపిరి ఆగినంత పనైంది, ఒత్తులన్నీ విరిగిపోయి ఉన్నాయి. 'ద్వారం' అన్న ఇంటిపేరు పొల్లు 'ద్' ఒక పక్క, 'వారం' ఒక పక్క అయిపోయి నాలుగంగుళాల ఎర్రటి అక్షరాల్లో కనిపిస్తోంది. ఫిడేలు విద్వాంసులు వెంకటస్వామి నాయుడు గారి ఫొటో పైన అలా! ఆ అమ్మాయి ఒక్క మాట విసుక్కోకుండా మొత్తం మేటరు మళ్ళీ అనులో కొట్టింది, రెండు రోజులు పట్టింది. మీరు ఇచ్చేటప్పుడు మాత్రం ముందే అడగండి, యూనికోడు తీసుకుంటారా లేదా అని. లేదంటే కాగితం మీద చేత్తో గుండ్రంగా రాసి ఇవ్వండి, అదే నయం.

రెండో ప్రూఫు ఒత్తుల్లో బాగుంది కానీ విషయంలో తప్పులు దొర్లాయి. మేటరులో లేనివి డిజైను చేసేవాళ్ళు అక్కడా ఇక్కడా చూసి నింపేశారు, జాగా మిగిలిందని. గురజాడ చార్టులో అప్పారావు గారు విజయనగరంలో పుట్టారని పడింది. ఇది చాలామంది అనుకునే మాటే, ఆయన జీవితంలో ఎక్కువ భాగం ఇక్కడే గడిచింది, ఇక్కడే చదివారు, ఇక్కడే ఆనంద గజపతి కొలువులో ఉన్నారు, ఆయన ఇల్లు ఇక్కడే స్మారకంగా ఉంది. కానీ పుట్టింది 1862 సెప్టెంబరు 21న రాయవరంలో, ఎలమంచిలి దగ్గర, ఇప్పటి అనకాపల్లి జిల్లా ఎస్.రాయవరం. కన్యాశుల్కం ఎదుట 1909 అని వేశారు. అది తిరగరాసిన రెండో కూర్పు. మొదటిసారి ఆడింది 1892లో, అచ్చయింది 1897లో. మూడు సంవత్సరాలూ వెయ్యమని పట్టుబట్టాను. పదిహేడేళ్ళ పాటు ఒక మనిషి ఒక నాటకాన్ని వదలకుండా పట్టుకున్నాడన్నది పిల్లలకి తెలియాలి, ఒక్క సంవత్సరం వేస్తే అది తెలీదు.

అసలు పెద్ద తప్పు వేరే. ప్రతి చార్టు మీదా 'గురజాడ కుటుంబం', 'చాగంటి కుటుంబం' అని శీర్షిక పెట్టేశారు. చూడ్డానికి బాగుంటుంది నిజమే. కానీ గురజాడ చార్టులో ముగ్గురున్నారు. అప్పారావు గారు, కవుల చరిత్రలు వెతికి 'కవి జీవితములు' రాసిన గురజాడ శ్రీరామమూర్తి గారు, కన్నడ సినిమాలకి అంత గొప్ప సంగీతం ఇచ్చిన జి.కె.వెంకటేశ్ గారు. జి.కె. అంటే గురజాడ కృష్ణదాస్ అని నాకు తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఇళయరాజా గారు పైకి రాకముందు పనిచేసింది ఈయన దగ్గరే. కానీ ముగ్గురికీ ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన కుటుంబం అని రాసెయ్యకూడదు. గురజాడ అనేది కృష్ణా జిల్లాలో ఒక ఊరు. ఒక ఊరి నుంచి వేరే వేరే ఇళ్ళవాళ్ళు వేరే వేరే చోట్లకి వెళ్ళి స్థిరపడితే అందరికీ ఆ ఊరి పేరే ఇంటిపేరు అవుతుంది. చుట్టరికం ఉంటే ఉండొచ్చు, కానీ చేతిలో ఆధారం లేకుండా చార్టు మీద వెయ్యకూడదు, పిల్లలు దాన్నే నిజమని పరీక్షలో రాస్తారు.

ఈ మాట చెప్తే షాపాయన వాదించలేదు. "శుభలేఖలో ఇంటిపేరు ఒక్క అచ్చరం తప్పు పడితే పెళ్ళివారు ఊరుకోరు మేస్టారూ, ఇదీ అంతే కదా" అన్నారు. పరిష్కారం ఆ అమ్మాయి చెప్పింది. తండ్రీ కొడుకులో, అన్నదమ్ములో అయితే ఫొటోల మధ్య గీత గీద్దాం, ఇంటిపేరు మాత్రమే కలిసినవాళ్ళకి గీత లేకుండా విడిగా పెడదాం, శీర్షికలో కుటుంబం తీసేసి 'ఈ ఇంటిపేరు వారు' అని వేద్దాం అంది. నేను నెల రోజులు ఆలోచించినా నాకు తట్టని సంగతి. ఇప్పుడు చార్టులు దూరం నుంచి చూసినా తెలిసిపోతుంది, ద్వారం చార్టు నిండా గీతలు, గురజాడ చార్టులో ఒక్క గీతా లేదు. ఈ ఒక్క పనికే ఆ షాపుకి ఎన్ని మార్కులైనా వెయ్యొచ్చు.

చాగంటి చార్టులో రెండు రకాలూ ఉన్నాయి. కథకుడు చాసో, అంటే చాగంటి సోమయాజులు గారు, 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో బతికినవారు. ఆయన నుంచి కూతురు, రచయిత్రి చాగంటి తులసి గారికి గీత. ప్రవచనాల చాగంటి కోటేశ్వరరావు గారి ఫొటో పక్కన విడిగా, గీత లేకుండా. పిల్లలకి తెలిసింది టీవీలో కనిపించే కోటేశ్వరరావు గారే, ఆయన కోసం చార్టు దగ్గరికొచ్చి చాసో దగ్గర ఆగుతున్నారు. నాకు అంతకంటే ఏం కావాలి.

సాలూరి చార్టు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ప్రూఫులో 'సాలూరు రాజేశ్వరరావు' అని పడింది. షాపాయన, ఊరు పేరు సాలూరే కదా మేస్టారూ అన్నారు. ఊరు సాలూరే, మనిషి సాలూరి. ఇల్లు ఇంటి అయినట్టు, ఊరు ఊరి అయినట్టు, సాలూరు సాలూరి అయింది. సాలూరికి చెందిన రాజేశ్వరరావు అని. అంత పెద్ద మాట ఒక్క ఇకారంలో ఇమిడిపోయింది. పూసపాడు పూసపాటి అయిందీ ఇలాగే. వ్యాకరణంలో ఇలా పదం చివర వచ్చి చేరే ఇ, టి, తి లని ఔపవిభక్తికాలంటారు, ఆ మాటంటే పిల్లలు భయపడతారు, పేరు కూడా అలాగే ఉంటుంది, కానీ 'ఇంటిపేరు' అనే మాటలోనే ఔపవిభక్తికం ఉంది. ఈ సంవత్సరం ఆ పాఠం నేను పుస్తకం తెరవకుండా ఈ చార్టు ముందు నిలబెట్టి చెప్పాను, ఒక్క పీరియడ్‌లో అయిపోయింది.

రాజేశ్వరరావు గారు 1922లో సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టారు. తండ్రి సన్యాసిరాజు గారు మృదంగం వాయించేవారు. ఈయన పన్నెండు పదమూడేళ్ళకే సినిమాలో చిన్ని కృష్ణుడి వేషం వేశారు, తర్వాత మల్లీశ్వరి లాంటి సినిమాలకి ఆయన కట్టిన పాటలు ఇప్పటికీ మా ఊళ్ళల్లో పెళ్ళి పందిట్లో వినిపిస్తాయి. అన్నగారు హనుమంతరావు గారు కూడా సంగీత దర్శకులే, కన్నడంలో, తెలుగులో చేశారు. కొడుకుల్లో వాసూరావు గారు, కోటి గారు. కోటి అంటే రాజ్-కోటి జంటలో కోటి. ఆ తర్వాత కోటి గారబ్బాయి రోషన్. ఈ చార్టులో గీతలే గీతలు, మూడు తరాలు. మా తరగతిలో ఒక అబ్బాయి ఇంటిపేరు కూడా అదే. మిగతా పిల్లలు, కోటి మీ చుట్టమా అని వాడి ప్రాణం తీశారు. వాడు ఇంటికెళ్ళి తాతనడిగి వచ్చి "చుట్టం కాదండి, కానీ మాది కూడా సాలూరేనండి, తాతల నాడు పొలం అమ్ముకుని ఇటొచ్చారంట" అని చెప్పాడు. చార్టు వల్ల వాడికి తన ఇంటిపేరులో ఊరుందని తెలిసింది. సాలూరు ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, 2022లో జిల్లాలు మారినప్పుడు. చార్టులో అది కూడా వేయించాను.

ద్వారం చార్టు బాగా రావాలని నాకు అన్నిటికంటే ఎక్కువ పట్టుదల. విజయనగరంలో ఉండి ఆ ఇంటిపేరు తప్పుగా వేస్తే మహాపాపం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు 1893 నవంబరు 8న పుట్టింది బెంగళూరులో, ఇది వినగానే షాపులో ఎవరూ నమ్మలేదు. చిన్నప్పటి నుంచీ కంటిచూపు తక్కువ, బళ్ళో చదువు సాగలేదు, అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. 1919లో విజయరామ గజపతి ఇక్కడ సంగీత కళాశాల పెట్టారు. అందులో చేరడానికి విద్యార్థిగా వస్తే ఆయన వాయిద్యం విని ఏకంగా వయొలిన్ ఆచార్యుడిగా తీసుకున్నారన్నది ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెప్పే కథ. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు, ఆయన తర్వాత 1936లో నాయుడు గారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. కొడుకు భావనారాయణరావు గారికి ఒక గీత, కూతురు మంగతాయారు గారికి ఒక గీత, ఇద్దరూ వయొలిన్ విద్వాంసులే. అదే కుటుంబంలో దుర్గాప్రసాదరావు గారు. ఒక ఇంటి తలుపు తీస్తే ఇంతమంది చేతుల్లో ఫిడేలు!

ఇక్కడ షాపాయన ఒక సలహా ఇచ్చారు, ఘంటసాల గారు, సుశీల గారు ఆ కాలేజీలో చదివినవాళ్ళే కదా, వాళ్ళ ఫొటోలు కూడా వేస్తే చార్టు నిండుగా ఉంటుంది అని. ఉంటుంది. కానీ ఇది కాలేజీ చార్టు కాదు, ఇంటిపేరు చార్టు. వద్దన్నాను. ఘంటసాల కూడా కృష్ణా జిల్లాలో ఊరు పేరే, అదొక చార్టు వేరే అవుతుంది ఎప్పుడైనా. ఇంకో మాట, ఆ కాలేజీ పుట్టడానికి కారణం మహారాజా వారి కొలువులో పనిచేసిన చాగంటి జోగారావు గారి అబ్బాయి అని ఇక్కడ చెప్పుకుంటారు, చూపు లేని ఆ పిల్లవాడికి సంగీతం మీద ఉన్న ఇష్టం చూసి రాజావారు కాలేజీయే పెట్టించారని. చాగంటి చార్టుకీ ద్వారం చార్టుకీ మధ్య గోడ మీద ఒక జానెడు జాగా ఉంది, ఈ కథ చెప్పేటప్పుడు ఆ రెండింటి మధ్య నిలబడి చెప్తాను.

ఫొటోల నాణ్యత సంగతి. వెంకటస్వామి నాయుడు గారి ఫొటో నేనిచ్చింది చిన్నది, ఫోన్లో బాగానే కనిపించింది, ప్రింటులో వేళ్ళ దగ్గర గళ్ళు గళ్ళుగా వచ్చింది. ఫిడేలు మీద వేళ్ళే కదా చూడాల్సింది. వాళ్ళే ఇంకో ఫొటో వెతికి మళ్ళీ ప్రింటు తీసి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. గురజాడ శ్రీరామమూర్తి గారి ఫొటో మా చేతికి రాలేదు, ఆ గడిలో ఆయన పేరే పెద్ద అక్షరాల్లో వేశారు, పక్కన తాటాకు బొమ్మ పెట్టారు. బాగుంది.

పూసపాటి చార్టు తొందరగా అయిపోయింది. రాజవంశం కాబట్టి ఫొటోలకి కొదవ లేదు, కోట 1713లో మొదలైన దగ్గర్నుంచి అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. పిల్లలకి నచ్చింది మాత్రం విజ్జీ, 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టు కెప్టెను మన ఊరి రాజుగారబ్బాయి అంటే నోళ్ళు తెరిచారు.

తెలుగు భాషా దినోత్సవం జరిపేది వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజునే, అందుకని గిడుగు చార్టు మధ్యలో పెట్టాం. రామమూర్తి గారు 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, విజయనగరంలో అప్పారావు గారూ ఈయనా ఒకే బళ్ళో సహాధ్యాయులు. పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజనుల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారు చేసి, సవర పిల్లలకి సొంత డబ్బుతో బడి పెట్టారు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిస్తే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. కొడుకు సీతాపతి గారికి గీత, ఆయనా భాషావేత్తే, పిల్లల పాటలు రాశారు. రాజకీయాల్లో ఉన్న గిడుగు రుద్రరాజు గారు విడిగా. గిడుగు అంటే తాటాకు గొడుగు. మా పిల్లల్లో ఇద్దరి ఇళ్ళల్లో ముసలివాళ్ళు వానాకాలం ఊడ్పులకి ఒకప్పుడు అవి వేసుకునేవారట.

ఇక లోపాలు. చెప్పిన రోజుకి ఇవ్వలేదు. ఆగస్టు 25 అన్నారు, 28 సాయంత్రం చీకటి పడ్డాక చేతికొచ్చాయి, ఆ మూడు రోజులూ నాకు నిద్ర లేదు, రోజుకి నాలుగుసార్లు ఫోను చేశాను. శ్రావణం, పెళ్ళిళ్ళ శుభలేఖలు మీద పడ్డాయన్నారు, నిజమే కావచ్చు, కానీ ముందే చెప్పి ఉంటే టెన్షన్ ఉండేది కాదు. చాగంటి చార్టు కింది మూల లామినేషను లోపల రూపాయి బిళ్ళంత గాలి బుడగ ఉండిపోయింది, సూదితో పొడిచి అదమొచ్చన్నారు, అదిమినా మచ్చ మిగిలింది. వెనక కొక్కేలు ఇవ్వలేదు, డబుల్ టేపు వేసి గోడకి అంటిస్తే మర్నాటికి రెండు కింద పడ్డాయి, సన్‌బోర్డు మూలలు నలిగాయి. పైన రెండు రంధ్రాలు వేయించుకుని మేకులకి తగిలించుకోండి, పది రూపాయల పని. జాగా నింపడానికి మనం ఇవ్వని సమాచారం వాళ్ళే వేసెయ్యడం అన్నిటికంటే పెద్ద లోపం, ప్రూఫు కాగితం మీద తీయించుకుని ఇంట్లో తాపీగా ఎర్ర పెన్నుతో చదవండి, తెర మీద చూసి సరే అనకండి. ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది ఈ లోపానికీ, ఆలస్యానికీ.

మళ్ళీ అదే షాపుకి వెళ్ళానా అంటే, వెళ్ళాను, పదిహేను రోజులు తిరక్కుండానే. చార్టులు పెట్టిన వారానికి ఏడో తరగతి పాప ఒకర్తి ఆరు చార్టులూ చదివి వచ్చి "మా ఇంటిపేరోళ్ళు ఎవరూ లేరా మేస్టారూ" అని అడిగింది. మొహం చిన్నబోయింది. నా దగ్గర జవాబు లేదు. అందుకని ఏడో చార్టు చేయించాను. పైన 'మా ఇంటిపేరు' అని మాత్రమే ఉంటుంది, కింద ఖాళీ గడులు పన్నెండు, ఇంటిపేరుకి ఒక గీత, ఊరికి ఒక గీత, పేరు తెచ్చుకున్న మనిషికి ఒక గడి. దీనికి మ్యాట్ వద్దు, నున్నటి గ్లాసీ లామినేషను వెయ్యండి, వైట్‌బోర్డు మార్కరుతో రాసి తుడుచుకుంటారు అని షాపాయనే చెప్పారు. సంగతి విని డిజైనింగు 150 తీసుకోలేదు.

ఆ పాపే మొదట రాసింది. వాళ్ళ తాత తప్పెటగుళ్ళు అనే జానపద నృత్యం ఆడేవారట, నలభై ఏళ్ళు, చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి. పేరు, ఊరు, 'తప్పెటగుళ్ళు గురువు' అని గుండ్రటి అక్షరాలతో రాసి కింద కాళ్ళ గజ్జెల బొమ్మ వేసింది. మిగతా పదకొండు గడులూ నెలకోసారి తుడిచి కొత్తవి రాస్తున్నారు, ఆ గడి మాత్రం ఎవరూ తుడవడం లేదు. మీరు కూడా ఇలాంటిది చేయిస్తే పర్మినెంట్ మార్కరు పిల్లల చేతికి అందకుండా చూడండి, లామినేషను మీద అది మామూలుగా తుడిస్తే పోదు.